ముప్పై ఎనిమిది ఎర్రగుడ్డలు

వాదనలో గెలవడం కోసం మీరెప్పుడైనా ఎదుటి మనిషి మాటను మధ్యలో కోసేశారా?

తొందరపడి లేదనకండి. నేనూ చాలా ఏళ్లు లేదనే అన్నాను. ఒకరి మాట మధ్యలో కోశాను. ఆ మర్నాడే వేరేవి కొన్ని కోశాను. దానివల్ల ఒక ఆవు చచ్చిపోయింది. ఒక మనిషి ఉద్యోగం పోయింది. ఉద్యోగం కంటే పెద్దది కూడా పోయింది, అది చివర్లో చెబుతాను. ఆ నేరం అతని మీద పడింది. అది నాది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్లూ దీన్ని మోశానంటే అబద్ధమేమో. మోస్తే బరువు తెలియాలి కదా. ఒక చెయ్యి తిమ్మిరెక్కి అలాగే ఉండిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. ఉందని తెలుస్తుంది. నొప్పి తెలియదు.

నా పేరు రాయడం లేదు. కానీ మీలో కొందరికి నేనెవరో నాలుగో పేజీకి రాకముందే తెలిసిపోతుంది. తెలియాలనే రాస్తున్నాను.

నేను గుంటూరు వైపు వాణ్ణి. పద్దెనిమిదేళ్లకే వేదికలెక్కాను. బాణామతి చేస్తామన్నవాళ్లని రమ్మని సవాలు చేసే సభల్లో, నిప్పుల మీద నడిచి చూపించే సభల్లో, జాతకం చెప్పేవాణ్ణి నిలబెట్టి ప్రశ్నలడిగే సభల్లో పెరిగాను. నాకు వాదించడం నేర్పినవాళ్లు ఒక్కటే చెప్పేవాళ్లు: ముందు ప్రశ్నించు. జవాబు విను. తరవాత ఖండించు. మూడింటిలో మొదటిదీ చివరిదీ నాకు బాగా వచ్చాయి.

గల్ఫ్ వచ్చాక, అబుధాబి పక్కన ముసఫ్ఫాలో ఒక కంపెనీ ఆఫీసులో కాగితాలు చూసే ఉద్యోగం చేస్తూ వ్యాసాలు రాసేవాణ్ణి. దుబాయ్‌లో, అల్ కుసైస్‌లో ఒక మిత్రుడి ఫ్లాట్‌లో నెలకోసారి శుక్రవారం చేరేవాళ్లం. పదిహేనుమంది, ఇరవైమంది. టీ తాగి, ఒకరు రాసింది చదివితే మిగతావాళ్లు చర్చించేవాళ్లు. ఎక్కువసార్లు చదివింది నేనే. నా వ్యాసాలు ఆ గదిలోంచి ఫోన్లలోకి, ఫోన్లలోంచి ఎక్కడెక్కడికో వెళ్లేవి. నాకు తెలియని వాళ్లు మెచ్చుకుంటూ మెసేజ్‌లు పెట్టేవాళ్లు. దానికి ఎంత అలవాటు పడ్డానో అప్పుడు తెలియలేదు.

కరోనా వచ్చిన ఏడాది ఆఫీసు సగం ఖాళీ చేశారు. నన్నూ తీసేశారు. అప్పుడు దొరికింది ఈ పొలం ఉద్యోగం. అల్ ఐన్ వెళ్లే దారిలో రోడ్డు దిగి, ఇసుకలో చాలా దూరం లోపలికి వెళ్లాలి. ఒక అరబ్బు పెద్దమనిషిది. పనివాళ్లందరం ఆయన్ని అర్బాబ్ అనేవాళ్లం, యజమాని అని అర్థం. చుట్టూ కంచె. లోపల గాఫ్ చెట్లు, అంటే మన జమ్మి చెట్లే. ఇసుక దిబ్బల మధ్య గడ్డి, పొదలు. ఆ నేల మీద పందొమ్మిది ఆవులు మేసేవి. చిన్నవి, ఎర్రటి గోధుమరంగువి, ఒమాన్ నుంచి తెచ్చిన జాతి. అదే నేల మీద జింకలు కూడా తిరిగేవి. అవీ అర్బాబ్‌వే. ఎన్నో చెప్పలేను, అవి నిలబడి లెక్కబెట్టించుకోవు.

నేను స్టోర్ చూసేవాణ్ణి. దాణా సంచులు, మందులు, నీళ్ల ట్యాంకర్ల కాగితాలు. ఆవుల్ని చూసేది లచ్చన్న. జగిత్యాల వైపు మనిషి. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. పేరు మార్చలేదు. లచ్చన్నే.

పసులు కాసే ఇంట్లో పుట్టినవాడు. మొదట పదేళ్లు బిల్డింగు పనులు చేసి, నడుం పట్టేసి, ఈ పొలానికి చేరాడు. ఆవుల దగ్గరికి వచ్చాక నడుం నొప్పి పోయిందని చెప్పేవాడు. దాని మీద కూడా నేను వాదించాను. బరువులు మొయ్యడం మానేశావు కాబట్టి పోయింది లచ్చన్నా, ఆవులకేం సంబంధం అని. అతను నవ్వేవాడు. "గట్లనే అనుకుందాం సార్" అనేవాడు. అతనితో వాదన ఎప్పుడూ అక్కడే ఆగిపోయేది. నాకది ఒప్పుకోవడంలా వినిపించేది కాదు. తప్పించుకోవడంలా వినిపించేది. చిరాకు వేసేది.

పొద్దున పొలంలోకి దిగేముందు ఒక జమ్మి చెట్టుకి దండం పెట్టేవాడు. నేను పక్కన నిలబడి, "ఏమంది చెట్టు?" అని అడిగేవాణ్ణి. "మీరచ్చిన్రా అనడిగింది సార్" అనేవాడు. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఆ పొలంలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. వంట కూడా కలిపే చేసుకునేవాళ్లం. నా దగ్గర పచ్చళ్లుండేవి, అతనికి రొట్టెలు చెయ్యడం వచ్చు. ఇది ఎందుకు రాస్తున్నానంటే, మా మధ్య పగేమీ లేదని మీకు తెలియాలి. పగ ఉండి చేసి ఉంటే కొంచెం అర్థమయ్యేదేమో.

చలికాలం మొదలైంది. ఒకరోజు చూస్తే ఆవులన్నిటికీ కొమ్ముల చివర ఎర్రగుడ్డ. అరచేతి వెడల్పు ముక్కలు, ఒక్కో కొమ్ముకి ఒకటి. గాలికి జెండాల్లా ఎగురుతున్నాయి. లచ్చన్న చివరి ఆవుకి కడుతున్నాడు. నేను స్టోర్ గుమ్మంలో నిలబడి చూశాను. అతను కట్టడం నేను నా కళ్లతో చూశాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.

ఆ రోజు మా మధ్య జరిగిన మాటలు నాకు ఒక్క అక్షరం మరిచిపోకుండా గుర్తున్నాయి.

"ఇదేంటి లచ్చన్నా, ఆవులకి పెళ్లా?"

"ఎల్లమ్మ తల్లి పేరు మీద కడ్త సార్. ప్రతి యేడు కడ్త. దిష్టి తాకది."

"ఇక్కడ ఎడారిలో దిష్టి ఎవరు పెడతారు? జింకలా?"

"మనుసులకేం తక్కువ సార్, పండ్గకు అర్బాబ్ సుట్టాలు రారా." నవ్వాడు. తరవాత ముడి బిగించుకుంటూ అన్నాడు, "ఇంకొకటి గూడ ఉన్నది సార్, జింకలను..."

"చాలు లచ్చన్నా. రోజుకో మూఢనమ్మకం చాలు. రెండోది రేపు చెబుదువుగాని."

అతను మళ్లీ నవ్వాడు. "గట్లనే సార్" అన్నాడు. రెండోది చెప్పలేదు.

నేను అడిగాను. జవాబు సగం వరకే విన్నాను. ఆ సగం నాకు సరిపోయింది, ఎందుకంటే ఖండించడానికి అది చాలు.

ఇప్పుడు రాస్తూ నన్ను నేను అడుగుతున్నాను. నీ కళ్లముందు ఏమున్నాయి? మా ఊళ్లో దిష్టికి నల్లతాడు కడతారు. మెడకో కాలికో కడతారు. ఇతను ఎర్రగుడ్డ కట్టాడు, అదీ కొమ్ముల చివర, దూరం నుంచి కనబడేలా. ఏడాది పొడుగునా కాదు, చలికాలం మొదట్లో. దిష్టి ఒక్క చలికాలంలోనే ఎందుకు తగులుతుంది? కొమ్ము కొసకే ఎందుకు? ఏ పల్లెటూరి పిల్లవాడైనా అడగగలిగిన ప్రశ్నలు. ఇరవై ఏళ్లు ప్రశ్నించడం గురించి ఉపన్యాసాలిచ్చిన నాకు ఒక్కటి కూడా రాలేదు. ఎల్లమ్మ పేరు వినగానే నా బుర్ర తలుపులు మూసుకుంది. నేను మూఢనమ్మకం అని పిలిచేది సరిగ్గా అదే కదా? వినకముందే తెలిసిపోవడం?

మర్నాడు లచ్చన్న అల్ ఐన్ వెళ్లాడు. వీసా కాలం అయిపోవస్తోంది, మెడికల్ పరీక్షకీ వేలిముద్రలకీ మూడు రోజులు పడుతుందన్నారు. అక్కడ మా పొలంవాళ్లకే ఒక గది ఉంది, అందులో ఉండమన్నారు. ఆవుల్ని చూడమని నాకు అప్పగించాడు. ఏ ఆవు ముందు నీళ్లు తాగుతుందో, ఏది తన్నుతుందో అన్నీ చెప్పాడు. కారెక్కేముందు, "గుడ్డలు జారిపోతె జర కట్టుండ్రి సార్" అన్నాడు. నేను సరేనన్నాను.

ఆ సాయంత్రం ఆవులు షెడ్డులోకి వచ్చాక, గోనెసంచులు కోసే కత్తెర తీసుకుని వెళ్లాను. ఒక్కొక్కటీ కోశాను. పందొమ్మిది ఆవులు, ముప్పై ఎనిమిది గుడ్డలు. తన్నే ఆవు కూడా తన్నలేదు. ఖాళీ దాణా సంచిలో వేసి స్టోర్‌లో పెట్టాను. నా ఉద్దేశం చాలా సులువైనది. మూడు రోజుల తరవాత లచ్చన్న వస్తాడు. ఆవులు క్షేమంగా ఉంటాయి. సంచి విప్పి చూపిస్తాను. చూశావా లచ్చన్నా, ఎల్లమ్మ ఏమీ చెయ్యలేదు అంటాను. ఒక మనిషిని భయం నుంచి విడిపించానని అనుకున్నాను. లచ్చన్నకి భయమేమీ లేదు. అది తరవాత ఆలోచించాను.

ఆ రాత్రి వ్యాసం రాశాను. మర్నాడు శుక్రవారం. అల్ కుసైస్ మిత్రులకి పంపించాను. వాళ్లు చదివారు. చప్పట్లు ఫోన్‌లో రికార్డు చేసి నాకు పంపారు. వ్యాసం చివరి వాక్యం మీలో చాలామందికి తెలుసు: "ముప్పై ఎనిమిది ముడులు తెంచాను, ఆకాశం తన చోటనే ఉంది."

అవును. ఆ వ్యాసం నాదే.

శుక్రవారం సాయంత్రమే ముదీర్ వచ్చాడు. ముదీర్ అంటే మా పొలం మేనేజర్, సుడాన్ మనిషి, మాతో హిందీలో మాట్లాడేవాడు. రేపు అర్బాబ్ చుట్టాలు వస్తున్నారు, పొద్దున్నే ఆవుల్ని పెందలాడే వదిలెయ్ అన్నాడు. ఎందుకని అడిగాను. జింకల వేట అన్నాడు. బయట ఎడారిలో జింక మీద తుపాకీ ఎత్తితే జైలు. ఈ కంచె లోపలివి మాత్రం అర్బాబ్ సొంతం, ఎక్కువైన మగవాటిని ఏడాదికోసారి అనుమతి కాగితం తెచ్చుకుని తగ్గిస్తారట. నేను చేరి ఏడు నెలలే, నాకు తెలియదు. అయితే ఆవుల్ని షెడ్డులో ఉంచాలి కదా అన్నాను. ముదీర్ నన్ను జాలిగా చూశాడు. ఆవులు మేస్తుంటేనే జింకలు దగ్గరికొస్తాయి. ఆవులు బెదరకుండా ఉంటే అవీ బెదరవు. ఆవులు లోపలుంటే జింక ఒక్కటి కూడా కనబడదు అన్నాడు.

మీకు తోచిందా? ఇక్కడిదాకా చదివిన మీకు తోచే ఉంటుంది. నాకు తోచలేదు. ఆ రాత్రి నేను వ్యాసానికి వచ్చిన మెచ్చుకోళ్లు చదువుకుంటూ నిద్రపోయాను.

పొద్దున మంచు దట్టంగా ఉంది. చలికాలంలో అక్కడ అలాగే ఉంటుంది, గాఫ్ చెట్ల మొదళ్లు కనబడవు. ఆవుల్ని వదిలాను. రెండు బండ్లు వచ్చాయి. మర్యాదస్తులు, నన్ను పలకరించి ఖహ్వా, అంటే వాళ్ల కాఫీ, ఇచ్చారు. తరవాత బండ్లు నెమ్మదిగా మంచులోకి వెళ్లాయి. నేను స్టోర్ దగ్గరే ఉన్నాను. మొదటి చప్పుడు వినబడింది. కాసేపటికి రెండోది. ఆ తరవాత అరుపు. మనిషిది కాదు.

వెళ్లేసరికి ఒక పొద వెనక ఆవు పడి ఉంది. అది పడుకుని నెమరేస్తోందట. మంచులో పొదపైన రెండు చిన్న కొమ్ములూ, గోధుమరంగు వీపూ కనబడ్డాయట. కాల్చిన మనిషి చెప్పాడు. ఎరుపు కనబడలేదు, కనబడితే తుపాకీ దించేవాణ్ణే అని ముదీర్‌తో మళ్లీ మళ్లీ అంటున్నాడు. అరబ్బీలో అన్నాడు, అయినా నాకర్థమైంది. ఎరుపు అనే మాట నాకు తెలుసు.

ముదీర్ ఆవు దగ్గర వంగి కొమ్ములు చూశాడు. చుట్టూ మిగతా ఆవుల్ని చూశాడు. నా వైపు తిరిగాడు.

"లాల్ కపడా కిదర్ హై?"

ఎర్రగుడ్డ ఏది?

లచ్చన్న చెప్పబోయిన రెండోది అదే. జింకల్ని కాల్చేవాళ్లకి గుర్తు. ఆవుకి ఎరుపుంటుంది, జింకకి ఉండదు. మంచులోనైనా కనబడాలని కొమ్ము కొసకి. వేటకి ముందు చలికాలంలో కట్టాలి. అతను ఆ పని ఎల్లమ్మ పేరు చెప్పుకుని చేసేవాడు. అంతే. ఒకే ముడికి రెండు కారణాలు. నేను ఒకటి విని రెండూ కోశాను.

నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "నాకు తెలియదు."

ఆవు ఇంకా చావలేదు. తన్నే ఆవు అదే. కాళ్లు కదిలిస్తూనే ఉంది. ముదీర్ ఎవరికో సైగ చేశాడు, మూడో చప్పుడు అయ్యింది. ఖలాస్, అయిపోయింది, అన్నారెవరో. నాకు ఏడుపు రాలేదు. భయం కూడా వెంటనే రాలేదు. మంచు ఎప్పుడు విడుతుందా అని చూస్తూ నిలబడ్డాను. అప్పుడు మొదలైన ఆ మొద్దుబారడమే ఇప్పటికీ ఉంది.

మధ్యాహ్నానికి లచ్చన్నని అల్ ఐన్ నుంచి తీసుకొచ్చారు. ముదీర్ అతనికి ముందురోజే ఫోన్ చేసి గుడ్డలు కట్టావా అని అడిగాడట. కట్టానని ఇతను చెప్పాడట. ఇప్పుడు పద్దెనిమిది ఆవుల కొమ్ములూ బోడిగా ఉన్నాయి. అంటే అబద్ధం చెప్పాడు. ముదీర్‌కి ఇందులో ఆలోచించడానికేమీ లేదు.

లచ్చన్న ఆవుల మధ్యకి వెళ్లి ఒక్కొక్క కొమ్మూ పట్టుకుని చూశాడు. కొన్ని కొమ్ములకి ముడి ఇంకా ఉంది, నేను గుడ్డనే కోశాను కదా. ఎర్రదారం లాంటి ముడి. కత్తెర కోత తెలిసిపోతుంది. అతను ఒక ముడిని వేలితో తడిమి చూడడం నేను చూశాను. తరవాత ఆఫీసు గదిలోకి వచ్చి నిలబడ్డాడు. ముదీర్ ముందు, నన్ను చూసి, తెలుగులో అడిగాడు.

"మీరు సూసిన్రు గద సార్, నేను కట్టంగ?"

నేను చూశాను. ఇంతకుముందు గుర్తుపెట్టుకోమన్నాను.

"నేను సరిగ్గా గమనించలేదు లచ్చన్నా" అన్నాను.

అతను కొంచెంసేపు నన్నే చూశాడు. కోపంగా కాదు. ఒక ఆవు గడ్డి తినకపోతే దాన్ని ఎలా చూసేవాడో అలా చూశాడు. తరవాత ముదీర్ వైపు తిరిగి హిందీలో చెప్పాడు. తను కట్టాడు. కానీ ఊళ్లో మొక్కు ఒకటి బాకీ ఉంది, అమ్మవారికి కోపమొచ్చింది, ఆవిడే తీసుకుపోయి ఉంటుంది. ముదీర్ తల అడ్డంగా ఊపి నవ్వాడు, నన్ను చూసి, చదువుకున్నవాడికి చదువుకున్నవాడు సైగ చేసినట్టు.

ఇరవై ఏళ్లలో నేను విని కూడా ఖండించకుండా వదిలేసిన మూఢనమ్మకం అదొక్కటే. ఖండించాలంటే ఒకే ఒక్క వాక్యం కావాలి. అమ్మవారు కాదు, నేను. రుజువు గోడకవతల స్టోర్‌లో, సంచిలో ఉంది. ఇంత తిరుగులేని రుజువు నా జీవితంలో ఏ సభలోనూ నా చేతిలో లేదు.

అతను నిజంగా అమ్మవారే తీసుకుపోయిందని నమ్మాడా? లేక కత్తెర కోత చూసి, నా ముఖం చూసి, నాకు ఒక దారి వదిలాడా? ఎన్నిసార్లు ఆలోచించినా తేలదు. మొదటిదైతే అతని నమ్మకం వెనక దాక్కున్నాను. రెండోదైతే అతని మంచితనం వెనక. రెండింట్లోనూ నిలబడినవాడు అతనే.

అంతటితో అయిపోలేదు. అర్బాబ్‌కి రిపోర్టు కావాలి. నువ్వు చదువుకున్నవాడివి, నువ్వే రాయి అన్నాడు ముదీర్. రాశాను. ఇంగ్లీషులో, ఆరు వాక్యాలు. పశువుల కాపరి గుర్తులు కట్టకుండానే కట్టినట్టు చెప్పాడు అన్నది నాలుగో వాక్యం. నా వ్యాసాల్లో నేను గర్వపడే స్పష్టత దానిలో కూడా ఉంది. కింద లచ్చన్న సంతకం పెట్టాడు. అందులో ఏముందని నన్ను అడగలేదు.

ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందని అనుకున్నారా? మొదట్లో నాకు నేనూ అదే చెప్పుకున్నాను. కరోనా రోజులు, ఇంకో పని దొరకదు, ఇలాంటివి. అది నిజం కాదు. నిజం ఇంతకంటే చిన్నది. ఆ వ్యాసం అప్పటికే జనంలోకి వెళ్లిపోయింది. ఆకాశం తన చోటనే ఉందని రాసి ఒక్క రోజే అయింది. నేను గుడ్డలు కోశాను, ఆవు చచ్చింది అని బయటపడితే, ఎల్లమ్మ గెలిచిందని జనం అంటారు. నా వాదన ఓడిపోతుంది. అల్ కుసైస్ గదిలో వాళ్లంతా ఏమనుకుంటారు? ఒక మనిషి బతుకుని ఒక వ్యాసం ముగింపుతో తూచాను. ముగింపే బరువుగా తోచింది.

ఆ వారంలోనే లచ్చన్న వీసా రద్దు చేసి పంపేశారు. వెళ్లే రోజు స్టోర్‌కి వచ్చాడు. చేతిలో ఎర్రగుడ్డ తాను ఒకటి ఉంది, సగం వాడినది. టేబుల్ మీద పెట్టాడు.

"వచ్చే యేడు మీరు కట్టుండ్రి సార్. దేవుని పేరు జెప్పకుంటె మానె. కట్టుండ్రి."

ఆ సంచి అతని కాళ్లకి రెండడుగుల దూరంలో ఉంది. నేను తాను తీసుకున్నాను. జాగ్రత్తగా వెళ్లు లచ్చన్నా అన్నాను.

మరుసటి చలికాలంలో కట్టాను. పద్దెనిమిది ఆవులు, ముప్పై ఆరు గుడ్డలు. అతనిచ్చిన తాను తియ్యలేదు, నేను కోసినవాటినే మళ్లీ ముడి వేశాను. ముదీర్ చూసి, బాగా కట్టావన్నాడు. ఆ తరవాత పొలం వదిలేసి మళ్లీ ఆఫీసు ఉద్యోగంలో చేరాను. వ్యాసాలు రాస్తూనే ఉన్నాను. అల్ కుసైస్ వెళ్తూనే ఉన్నాను. ఎవరైనా ముప్పై ఎనిమిది ముడుల వ్యాసం ఎత్తితే టీ తాగేవాణ్ణి.

కిందటేడు అజ్మాన్‌లో ఒక తెలిసినవాళ్ల గదికి భోజనానికి వెళ్లాను. అక్కడ సత్తయ్య అని ఒక డ్రైవర్ కలిశాడు. మాటల్లో ఊరు చెప్పాడు. లచ్చన్న ఊరే. తెలుసా అని అడిగాను, తెలియనట్టే.

"ఏ లచ్చన్న, ఆవును సంపిన లచ్చన్ననా?" అన్నాడు.

పేరు అలా పడింది. పొలంలో అతని తప్పువల్ల ఆవు చచ్చిందని ఇక్కడినుంచే ఎవరో ఊళ్లో చెప్పారు. గోహత్య పాతకం అన్నారు. వాళ్లవైపు కొన్ని ఇళ్లలో ఇంకా ఉందట. ఆవు చావుకి కారణమైనవాడు మెడలో పలుపు వేసుకోవాలి. చుట్టుపక్కల మూడూళ్లు ఇల్లిల్లూ తిరిగి అడుక్కోవాలి. నోరు తెరిచి మాట్లాడకూడదు, పలుపు చూపించాలి అంతే. లచ్చన్న తిరిగాడు. పలుపుతో, మాట్లాడకుండా, మూడూళ్లు. అది చేశాక పాతకం పోవాలి కదా అని అడిగాను.

"పోయిందన్నరు గని, ఎవ్వలు పసులను ముట్టనిస్తలేరు సార్. ఆయన సేతుల పెడ్తె సస్తయని భయం. ఆవు ఈనంగ ఊరంత ఆయిన్నే పిలిసేటోళ్లు ముందుగాల. గిప్పుడు అటుదిక్కు పోనియ్యరు. గడ్డపార వట్టుకొని ఉపాధి పనికి పోతడు. నడుం నొస్తదంటడు."

నడుం.

అన్నంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నాను. అప్పుడైనా ఏడుస్తానేమో అనుకున్నాను. రాలేదు. సత్తయ్య పెరుగు వెయ్యనా సార్ అన్నాడు. వెయ్యమన్నాను.

ఊరంతా మూఢనమ్మకంతో ఒక మనిషిని వెలివేసినట్టు చేస్తే దాని మీద ఎంత నిప్పులు కక్కే వ్యాసం రాయగలనో నాకు తెలుసు. ఆ రాత్రే మొదలుపెట్టాను కూడా. రెండు పేరాలు బాగా వచ్చాయి. మూడో పేరాలో కారణం రాయాలి. ఆవు ఎలా చచ్చింది? అక్కడ ఆగిపోయాను. ఆ ఊరివాళ్లు అతని మెడలో పలుపు వేశారు. దాని రెండో కొస నా చేతిలో ఉంది.

ఇంకొక అనుమానం కూడా చెప్పాలి. ఇది కూడా నేను బాగా రాస్తున్నానా? ఇది చదివి ఎంత నిజాయితీ అని ఎవరైనా మెచ్చుకుంటారని ఎదురుచూస్తున్నానా? బహుశా అవును. ఆ అలవాటు పోలేదు. అందుకే నన్ను మెచ్చుకోవద్దని అడుగుతున్నాను. క్షమించమని కూడా అడగడం లేదు, ఆ హక్కున్న మనిషి జగిత్యాల దగ్గర గడ్డపారతో ఉన్నాడు. అతనికి ఫోన్ చేశాను. మూడుసార్లు. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, "ఎవలు?" అన్నాడు. నేను పెట్టేశాను. ఈ కాగితం అందుకే.

నేను హేతువాదినే. ఇప్పటికీ. ఆ ఆవుని ఎల్లమ్మ చంపలేదు, లచ్చన్న చంపలేదు. సగం జవాబు విని లేచిపోయిన ఒక మనిషీ, ఒక కత్తెరా, ఒక అబద్ధమూ చంపాయి. రుజువు చెయ్యగలను. సంచి నా దగ్గరే ఉంది, అందులో రెండు గుడ్డలు మిగిలాయి. చచ్చిన ఆవువి.

ఈ మాటలు రాశాక చెయ్యి కొంచెం కదిలినట్టుంది. అంతకంటే ఏమీ లేదు.

ఇక మీరు. ముప్పై ఎనిమిది ముడుల వ్యాసం మీ ఫోన్లో ఉంటే, దాన్ని మీరు ఎవరెవరికి పంపారో వాళ్లందరికీ ఇది పంపండి, ఈరోజే. జగిత్యాల వైపు వాళ్లయితే అంతటితో ఆగకండి. పలుపుతో తిరిగిన లచ్చన్న ఏ ఊరివాడో మీకు తెలుసు. వెళ్లండి. నలుగురూ కూర్చునే చోట నిలబడి గట్టిగా చదవండి. లచ్చన్న గుడ్డలు కట్టాడు, నేను చూశాను, కోసింది నేను అని నా బదులు చెప్పండి. మధ్యలో ఎవరైనా ఆపితే ఆగకండి. చివరిదాకా చదవండి.